దయ్యాల రాత్రా? పరిశుద్ధుల దినమా?

అక్టోబరు 31 రాత్రి హాలోవీన్ పేరిట పాడుబడ్డ బంగళాలు, దయ్యాల కొంపలు చూడబోయే సరదా మన పట్టణాల యువతకూ అబ్బింది. ఆ పేరుకు అసలు అర్థం పరిశుద్ధుల దినానికి ముందటి రాత్రి. నవంబరు 1 విశ్వాసంలో నిద్రించిన వారిని స్మరించే దినం.

తంబళ్లపల్లె వారలారా, మన మదనపల్లె ప్రక్కనే ఆరోగ్యవరం ఉంది. క్షయ అంటే సొంతవారే దూరముంచిన రోజుల్లో, 1915లో, మిషనరీ సంఘాలు కలిసి అక్కడ శానిటోరియం తెరిచాయి. సరైన మందు లేని ఆ కాలంలో విశ్రాంతి, మంచిగాలి, బలమైన ఆహారమే చికిత్స. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానిని నడిపించారు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా మొదట వేసి చూసిన తావుల్లో మదనపల్లె ఒకటి.

జనం జడిసిన చోటికి వారు సరదాకు పోలేదు, ప్రేమతో వెళ్లారు. ప్రియ చదువరీ, ఆ రాత్రి నీవు భయాన్ని కొనుక్కోబోతావా, ఒక రోగి మంచం దగ్గరికి వెళ్తావా?