మందుకూ చరిత్ర ఉంది

2020 కరోనా కాలం తర్వాత మన పత్రికల్లో వచ్చిన కథలూ కవితలూ కొన్ని ఈమధ్య వరసపెట్టి చదివాను. మందు ప్రస్తావన వచ్చిన చోటల్లా దాదాపు ఒకే మాట: సంజీవని. ఎక్కడో ఒక మహానుభావుడు తపస్సు చేస్తాడు, మందు పుడుతుంది, రోగి లేచి కూర్చుంటాడు. అభ్యుదయ రచయితలమని చెప్పుకునే మనం కూడా ఈ ధోరణికి అతీతులం కాము. పంచె వెనక నేతగాడున్నాడనీ, అన్నం మెతుకు వెనక కూలివాడున్నాడనీ మనకు తెలుసు. మందుబిళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పురాణంలోకి జారిపోతున్నాం. అది ఎవరి శ్రమతో తయారైంది, ఎవరి డబ్బుతో తయారైంది, ఎవరికి అందింది, ఎవరికి అందకుండా పోయింది అని అడగడం లేదు.

ఒక్క మందు చరిత్ర తీసుకుని ఆ ప్రశ్నలు వేసి చూడాలని నా ప్రయత్నం. ఆ మందు ఎ.జెడ్.టి.; ఎయిడ్స్ చికిత్సకు మొట్టమొదట అనుమతి పొందిన మందు. నేను వైద్యుణ్ణి కాను, తెలుగు చెప్పుకునే బడిపంతుల్ని. అయినా సాహిత్య విద్యార్థికి ఇది కొరుకుడుపడని విషయమేమీ కాదని నా నమ్మకం.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. బాక్టీరియా స్వతంత్ర జీవి. దాని గోడ దానికుంది, దాని వంట అదే వండుకుంటుంది. పెన్సిలిన్ ఆ గోడను సరిగా కట్టుకోనివ్వదు. మన కణాలకు అలాంటి గోడ లేదు గనక దెబ్బ మనకు తగలదు. వైరస్ సంగతి అది కాదు. కాస్త జన్యుపదార్థం, దాని చుట్టూ మాంసకృత్తుల తొడుగు, స్థూలంగా అంతే. మన కణంలో దూరి, మన పొయ్యి మీద, మన గిన్నెల్లో, మన సరుకులతోనే తన వంట వండించుకుంటుంది. పొయ్యి ఆర్పేస్తే ఇంటివాళ్లకూ పస్తే. అందుకే పెన్సిలిన్ 1940లలోనే రోగులకు చేరినా, వైరస్ మీద పనిచేసే మందులు చాలాకాలం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు.

ఈ చిక్కులోంచి దారి చూపినవారిలో ముఖ్యురాలు గెర్ట్రూడ్ ఎలియన్. 1918లో న్యూయార్క్‌లో వలస వచ్చిన కుటుంబంలో పుట్టింది. 1937లో రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుంటే, ఆడపిల్ల అయిన పాపానికి పై చదువుకు ఆర్థిక సహాయం ఇచ్చేవాళ్లు లేకపోయారు. బళ్లో రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం చెబుతూ ఎం.ఎస్.సి. పూర్తిచేసింది. యుద్ధకాలంలో మగవాళ్లకు కొరత ఏర్పడ్డాక గాని ప్రయోగశాలల తలుపులు ఆమెకు తెరుచుకోలేదు. 1944లో బరోస్ వెల్‌కమ్ కంపెనీలో జార్జ్ హిచింగ్స్‌కు సహాయకురాలిగా చేరింది. ప్రతిభ ఒక్కటే చాలదు, దానికి చోటివ్వవలసిన సామాజిక పరిస్థితి కూడా కావాలని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కర్లేదు.

ఏ మూలికో పోల్చుకోలేక హనుమంతుడు కొండనే పెకలించుకొచ్చాడు. మందుల పరిశోధన కూడా చాలావరకు అలాగే నడిచేది: దొరికిన రసాయనమల్లా పరీక్షించి చూడడం. హిచింగ్స్, ఎలియన్ ఇంకో దారి పట్టారు. కణం తన జన్యులిపిని ఎలా రాసుకుంటుందో తెలుసుకుని, ఆ రాతను ఆపే పదార్థాన్ని బుద్ధిపూర్వకంగా తయారుచెయ్యాలన్నది వాళ్ల పద్ధతి. ఆ లిపికి అక్షరాలు నాలుగే. ఒకదానికొకటి గొలుసుగా తగిలించుకుంటూ పోతేనే వైరస్ తన నకలు రాసుకోగలదు. అసలు అక్షరంలాగే కనిపిస్తూ, తర్వాతి అక్షరం తగులుకోవడానికి కొక్కెం లేని దొంగ అక్షరాన్ని అందిస్తే? వాక్యం అక్కడితో ఆగిపోతుంది.

ఎలియన్ బృందం 1970లలో అభివృద్ధి చేసిన అసైక్లోవిర్ అలాంటి దొంగ అక్షరం. దాని ప్రత్యేకత ఇంకొకటుంది. హెర్పిస్ వైరస్‌కు సొంతంగా ఉన్న ఎంజైమ్ తాకితే గాని అది మేలుకోదు. వైరస్ లేని కణంలో దాదాపు నిద్రపోతూ ఉంటుంది. అంటే దొంగే తన చేత్తో తనకు సంకెళ్లు వేసుకుంటాడన్నమాట. వైరస్‌ను ఏరి కొట్టవచ్చునని అది రుజువు చేసింది. 1988లో ఎలియన్‌కు, హిచింగ్స్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. డాక్టరేట్ చదువు ఆమె ఎన్నడూ పూర్తిచెయ్యలేదు.

ఇక ఎ.జెడ్.టి. సంగతి. ఎయిడ్స్ పేరు లోకం వినకముందే, 1964లో, జెరోమ్ హోర్విట్జ్ అనే శాస్త్రజ్ఞుడు డెట్రాయిట్‌లో దాన్ని తయారుచేశాడు. అది కాన్సర్ పరిశోధన. డబ్బు అమెరికా ప్రభుత్వానిది, అంటే అక్కడి ప్రజలది. ఎలుకల్లో కాన్సర్ తగ్గలేదు. మందు పక్కన పడింది. ఆయన పేటెంటు కూడా తీసుకోలేదు.

1981లో ఎయిడ్స్ బయటపడింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో దాని వైరస్‌ను పట్టుకున్నారు. ఈ వైరస్ జన్యుపదార్థం ఆర్.ఎన్.ఎ. దాన్ని డి.ఎన్.ఎ.గా తిరగరాసి మన కణపు జన్యువుల్లోనే చొప్పిస్తుంది. ఆ తిరగరాత రాసే ఎంజైమ్ మన కణం నడిపేది కాదు, వైరస్ తనతో తెచ్చుకునేది. దెబ్బ కొట్టవలసిన చోటు అదే. అమెరికా జాతీయ కాన్సర్ సంస్థలో శామ్యూల్ బ్రోడర్, హిరోయాకి మిత్సుయా మొదలైనవారు 1985లో కంపెనీలు పంపిన పదార్థాలను సజీవ వైరస్ మీద పరీక్షించారు. బరోస్ వెల్‌కమ్ పంపినవాటిలో హోర్విట్జ్ నాటి దొంగ అక్షరం పనిచేసింది.

తర్వాత మనుషుల మీద పరీక్ష. 282 మంది రోగులు. 145 మందికి మందు, 137 మందికి ఉత్తుత్తి బిళ్ల. కొద్ది నెలల్లో మందు తీసుకున్నవాళ్లలో ఒకరు చనిపోయారు, తీసుకోనివాళ్లలో 19 మంది. పరీక్ష ఆపి అందరికీ మందు ఇచ్చారు. సంజీవని కథలో ఈ 19 మందికి చోటు లేదు. చరిత్రలో ఉండాలి. మనం మింగే ప్రతి బిళ్ల వెనకా ఇలాంటి పేరులేని మనుషులున్నారు.

1987 మార్చిలో మందుకు అనుమతి వచ్చింది. ధర ఏడాదికి సుమారు 10 వేల డాలర్లు. ప్రజాధనంతో పుట్టి, ప్రభుత్వ ప్రయోగశాలలో రుజువైన మందుకు పేటెంటు మాత్రం కంపెనీది. కంపెనీ ఏమీ చెయ్యలేదనడం సత్యదూరం. మందు తయారీలోనూ, పరీక్షల్లోనూ దాని శ్రమా ఖర్చూ ఉన్నాయి. అయితే అంతా తనదేననడం అంతకంటె పెద్ద అబద్ధం. ఆ మాట బ్రోడర్, మిత్సుయా, మరికొందరు శాస్త్రజ్ఞులు 1989లో పత్రికాముఖంగానే ఖండించారు. ఆ సెప్టెంబరులోనే 'యాక్ట్ అప్' ఉద్యమ కార్యకర్తలు కొందరు న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజిలో చొరబడి గొలుసులతో తమను తాము కట్టేసుకున్నారు. కొద్ది రోజుల్లో ధర 20 శాతం తగ్గింది.

ఇంతలో మరో చిక్కు ఎదురైంది. హెచ్.ఐ.వి. తన లిపిని తప్పులతో రాస్తుంది, దిద్దుకోదు. రోజుకు కోట్లాది నకళ్లు. ఆ తప్పుల్లోనే ఒకటి మందుకు లొంగని రూపమవుతుంది. ఒక్క ఎ.జెడ్.టి.తో రోగికి దొరికింది కొంత వ్యవధి మాత్రమే. దానికితోడు అసైక్లోవిర్‌లా ఇది ఏరి కొట్టే మందు కాదు, దీన్ని మేల్కొలిపేది మన కణపు ఎంజైములే. కనుక మూలుగకు దెబ్బ తగిలి రక్తం తగ్గిపోయేది. 1996లో వేరువేరు చోట్ల దెబ్బకొట్టే మూడు మందులను కలిపి ఇవ్వడం మొదలైంది. మూడింటినీ ఒక్కసారిగా తప్పించుకోవడం వైరస్‌కు దుస్సాధ్యం. మరుసటి ఏడాదే అమెరికాలో ఎయిడ్స్ మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి.

అమెరికాలో. ఆఫ్రికాలో కాదు, మన దగ్గరా కాదు. ఆ మూడు మందుల ఖర్చు ఏడాదికి 10 వేల డాలర్లకు పైమాటే. చవకమందులకు వీలిచ్చే చట్టం చేసిందని దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద 1998లో మందుల కంపెనీలు దావా వేశాయి. ప్రతివాదుల్లో మండేలా పేరు కూడా ఉంది. ప్రపంచమంతా నిరసన లేచాక, 2001 ఏప్రిల్‌లో దావా ఉపసంహరించుకున్నాయి. అంతకు రెండు నెలల ముందు, ఫిబ్రవరిలో, మన దేశపు సిప్లా కంపెనీ అధిపతి యూసుఫ్ హమీద్ అవే తరహా మూడు మందులను ఏడాదికి 350 డాలర్లకు స్వచ్ఛంద వైద్యసంస్థకు ఇస్తానన్నాడు.

ఇది ఎలా సాధ్యమైంది? హమీద్ దయవల్ల అంటే మళ్లీ సంజీవని కథే. భారత పేటెంట్ల చట్టం, 1970, మందు మీద పేటెంటు ఒప్పుకోలేదు. తయారీ పద్ధతి మీద మాత్రమే ఒప్పుకుంది. కొత్త పద్ధతి కనిపెట్టినవాడు మందు తయారుచేసుకోవచ్చు. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ ఐ.డి.పి.ఎల్. హైదరాబాదు కర్మాగారం మందుల తయారీ తెలిసిన ఒక తరాన్ని తయారుచేసింది. సిప్లా ఎ.జెడ్.టి. తయారీకి పద్ధతి అందించినది హైదరాబాదులోని ప్రభుత్వ పరిశోధనాసంస్థే, ఎ.వి. రామారావు నాయకత్వంలో. ఒక చట్టం, ప్రజాధనంతో నడిచిన సంస్థలు, వీధిలోకి వచ్చిన రోగులు: ధర తగ్గించిన శక్తులు ఇవి. లాభం కోసమే నడిచే కంపెనీ కూడా ఆ పరిస్థితుల్లో మేలు చెయ్యగలిగింది. 2005 జనవరి 1 నుంచి మన చట్టం మారి మందు మీదనే పేటెంటు వచ్చిందని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ లెక్కలు నాకెందుకు? 2003లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. జాతీయ రహదారి పక్క ఊరు. ఏడో తరగతిలో ఒక కుర్రాడి తండ్రి లారీ డ్రైవరు. చిక్కి శల్యమై చనిపోయాడు. ఊళ్లో పేరు పెట్టి అనేవాళ్లు కారు, 'ఆ జబ్బు' అనేవాళ్లు. బళ్లో కుర్రాణ్ణి విడిగా తలుపు పక్కన కూర్చోబెట్టారు. మనుషులంతా ఒక్కటేనన్న పాఠం చెబుతూ నేను అది చూశాను. నోరెత్తలేదు. అప్పట్లో నా మనసుకు నేను చెప్పుకున్న సమాధానం: మందులేని జబ్బు, ఎవరేం చేస్తారు?

మందు ఉంది. 1996 నుంచీ ఉంది. మన ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. ఆ ఎనిమిదేళ్ల మధ్యలో ఆ మనిషి చనిపోయాడు. వైరస్ చంపిందనడం సగం నిజం. మిగతా సగం రాయవలసిన బాధ్యత కథకుడిది. నా అజ్ఞానాన్ని విధిగా భ్రమించి, ఇరవై ఏళ్లకు పైగా నేను ఆ సగాన్ని రాయలేదు.

సంజీవని కథ వినేవాడికి చెయ్యడానికి ఏ పనీ మిగలదు. చెయ్యెత్తి దండం పెడితే చాలు. చరిత్ర తెలిసినవాడు ధర అడుగుతాడు, చట్టం అడుగుతాడు, ఎప్పుడు అందిందో తేదీ అడుగుతాడు. మన రచన పాఠకుణ్ణి ఈ రెంటిలో ఏ పనికి సిద్ధం చేస్తున్నదో ప్రతి రచయితా తేల్చుకోవాలి.