రక్తపింజర కాటులో త్రాంబిన్: నెత్తురు, వాపు, ఒక గాజుగొట్టం

నేలకొండపల్లి చుట్టూ సాగర్ ఎడమ కాల్వ నీళ్లు పారే వరి మళ్లలో కోతల రోజుల్లో చూపంతా కాళ్ల కిందే ఉండాలి. గింజ ఉన్నచోటికి ఎలుక వస్తుంది, ఎలుక ఉన్నచోటికి రక్తపింజర వస్తుంది. రాత్రిపూట పాము అని పేరెత్తడానికి కూడా జంకి, కాటు పడితే 'పురుగు ముట్టింది' అంటారు. ఆ తర్వాత కాలు ఉబ్బడం, చిగుళ్ల నుంచి నెత్తురు కారడం, మూత్రం ఎర్రబడటం చూసి విషం ఒళ్లంతా ఎక్కిందంటారు. ఈ లక్షణాలను విడివిడిగా కాక, మన ప్లాస్మాలోని ఒక ఎంజైము చుట్టూ చేర్చి చదివితేనే చికిత్సలోని ప్రతి మెట్టుకూ కారణం తెలుస్తుంది. ఆ ఎంజైము పాముది కాదు, మనది. పేరు త్రాంబిన్.

ఈ పామును శాస్త్రలోకానికి చూపింది తెలుగు పేరే. ఈస్టిండియా కంపెనీ కొలువులో 1780లలో విశాఖపట్నంలో ఉన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్, కోరమాండల్ తీరపు పాములపై 1796లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని 'కాటుక రేకుల పొడ' అనే రాసుకున్నాడు. ఒంటి మీద కాటుక దిద్దినట్టుండే మచ్చల వరసలను చూసి మనవాళ్లు పెట్టిన పేరది. మరుసటి ఏడే శాస్త్రనామంలో రస్సెల్ పేరు చేరింది. కాటుక రేకులు మరుగున పడ్డాయి. నాకది నష్టంగానే తోస్తుంది.

త్రాంబిన్ మామూలు వేళల్లో ప్రోత్రాంబిన్ రూపంలో నిద్రపోతూ ఉంటుంది. గాయమైనప్పుడు ఒక ఎంజైము మరొకదాన్ని లేపుతూ వచ్చి, చివరికి గడ్డకట్టించే ప్రోటీన్లయిన పదో ఫ్యాక్టరు, ఐదో ఫ్యాక్టరు తోడుతో దాన్ని మేల్కొలుపుతుంది. మేల్కొన్న త్రాంబిన్ ఫైబ్రినోజన్ అనే ప్రోటీను నుంచి చిన్న ముక్కలు కోస్తుంది. మిగిలినది ఫైబ్రిన్ పోగులై వలలా అల్లుకుంటుంది. రక్తపింజర విషం ఈ వరసను పాటించదు. అందులోని ఒక ఎంజైము పదో ఫ్యాక్టరును, మరొకటి ఐదో ఫ్యాక్టరును నేరుగా లేపేస్తాయి. పదో ఫ్యాక్టరులో మన శరీరం ఏ బంధాన్ని తెంచుతుందో విషమూ సరిగ్గా అదే బంధాన్ని తెంచుతుంది. మెట్టనేలల్లో, రాళ్ల సందుల్లో ఉంటూ పొలుసులు రంపంలా రాసుకుని చప్పుడు చేసే చిన్న పింజర ఇంకా ముందుకెళ్లి, ప్రోత్రాంబిన్‌నే పట్టుకుంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కాటు తిన్నవారి నెత్తురు గడ్డకట్టకపోతే, విషం దాన్ని నీరు చేసిందనుకుంటారు. నిజానికి ఒళ్లంతా ఒక్కసారిగా త్రాంబిన్ పుట్టి, నాళాల్లోనే ఫైబ్రినోజన్‌ను నూలంతా వడికేసినట్టు ఖర్చు చేసేసింది. ఆ సన్నపోగులను ప్లాస్మిన్ అనే మరో ఎంజైము వెంటనే కరిగించేస్తుంది. డెసీలీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా ఉండాల్సిన ఫైబ్రినోజన్ దాదాపు అడుగంటుతుంది. గడ్డకట్టే శక్తి మితిమీరి రేగడం వల్లనే నెత్తురు గడ్డకట్టకుండా పోతుంది. ఇదే విషాన్ని మెక్‌ఫార్లేన్, బార్నెట్ 1934లో హీమోఫీలియా రోగుల గాయాలపై పలచగా పూసి నెత్తురు ఆపగలిగారు. చుక్కగా పైన పూస్తే ఆపేది, రక్తంలో కలిస్తే ఉన్నదంతా ఊడ్చేస్తుంది.

ఇక వాపు. దానికి మొదటి కారణం కండనూ నాళాల గోడలనూ కొరికే విషంలోని ఇతర ఎంజైములే. అయితే త్రాంబిన్ దానికి ఆజ్యం పోస్తుంది. ప్లేట్‌లెట్ల మీదా, నాళాల లోపలి పొర కణాల మీదా పార్-1 అనే గ్రాహకం ఉంటుంది. 1991లో కాఫ్లిన్ బృందం దాని పనితీరును విప్పి చూపింది. బయటినుంచి వచ్చి అతుక్కునే అణువు కోసం ఆ గ్రాహకం ఎదురుచూడదు. త్రాంబిన్ దాని కొసను కోయగానే, బయటపడిన కొత్త కొస వెనక్కి వంగి తన గ్రాహకాన్నే తట్టి లేపుతుంది. దాంతో పొర కణాలు ముడుచుకుని మధ్య సందులు తెరుచుకుంటాయి, ప్లాస్మా బయటికి ఊరుతుంది, తెల్లకణాలు వచ్చి అంటుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న నాళంలో త్రాంబోమాడ్యులిన్ అనే ప్రోటీను ఇదే త్రాంబిన్‌ను పట్టి, ప్రోటీన్-సి ద్వారా గడ్డకట్టడాన్నీ వాపునూ తగ్గించే పనికి మళ్లిస్తుంది. గోడ దెబ్బతింటే ఆ పగ్గం సడలిపోతుంది.

అలా ఉబ్బుతున్న కాలికి పైన తాడు బిగిస్తే, నెత్తురాట ఆగి కండ చచ్చే ముప్పు పెరుగుతుంది. కాటు మీద బ్లేడుతో గాటు పెడితే, ఫైబ్రినోజన్ లేని ఆ గాయం మూసుకోదు.

నెత్తురు గడ్డకట్టని ఈ స్థితిని పసిగట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజుగొట్టంలో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. రక్తం నీళ్లలా జారితే విరుగుడు మందు అవసరం. గొట్టం గాజుదే కావాలి, సబ్బుపొడితో కడిగినది కాకూడదు. గాజు తగలగానే పన్నెండో ఫ్యాక్టరు, కల్లిక్రీన్ అనే ఎంజైము మేల్కొంటాయి. ప్లాస్టిక్‌లో ఆ పని సరిగా జరగదు కనుక మంచి రక్తం కూడా చెడినట్టు కనిపిస్తుంది. సబ్బు మిగిలినా అదే పొరపాటు. కల్లిక్రీన్‌కూ రెండు పనులున్నాయి. గడ్డకట్టే వరసకు తోడ్పడుతూనే, నాళాలను వదులు చేసి వాపు, నొప్పి తెచ్చే బ్రాడీకైనిన్‌ను విడుదల చేస్తుంది.

విరుగుడు మందు విషాన్ని బంధిస్తుందే గాని, ఖర్చయిపోయిన ఫైబ్రినోజన్‌ను తిరిగి తేలేదు. దాన్ని కాలేయమే తయారుచేయాలి. అందుకు సుమారు 3 నుంచి 9 గంటలు పడుతుంది. అందుకే మందు ఎక్కించిన గంటకే నెత్తురు ఇంకా జారుతోందని మళ్లీ సీసాలు ఎక్కించరు. 6 గంటలు ఆగి రెండో గొట్టం నింపుతారు. మళ్లీ 20 నిమిషాలు, మళ్లీ వంచి చూడటం. కొత్తగా పుట్టిన ఫైబ్రినోజన్ ఉంటే, ఈసారి గొట్టం వంచినా ఎర్రని గడ్డ అడుగును అంటిపెట్టుకునే ఉంటుంది.