అర్మేనియా మఠాలు: కట్టింది ఎవరు, రాసింది ఎవరు?



ఈసారి మేము చాలా దూరం దేశం చరిత్ర రాస్తున్నాం. పోస్టు కొంచెం పొడవే, కానీ చివర్లో ఉన్న విషయం మనకు కావాల్సింది. ఓపిగ్గా చదవండి.

అర్మేనియా కాకసస్ కొండల్లో ఉంటుంది. తెలంగాణలో నాలుగో వంతు కంటే కొంచెం పెద్దది, అంతే. క్రీ.శ. 4వ శతాబ్దం మొదట్లోనే అక్కడి రాజు క్రైస్తవాన్ని రాజ్య మతంగా తీసుకున్నాడు. 405 ప్రాంతంలో మెస్రోప్ మాష్టోత్స్ అనే ఆయన వాళ్ళ భాషకు సొంత లిపి తయారు చేశాడు. మఠాలు పెరిగింది ఈ రెండింటి మీదే.

9వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం దాకా తతేవ్, సనాహిన్, హఖ్పాత్, గెఘార్డ్ లాంటి పెద్ద మఠాలు కట్టారు. అక్కడ అగ్నిపర్వతాల నుంచి వచ్చిన టఫ్ అనే రాయి దొరుకుతుంది. చెక్కడానికి మెత్తగా ఉంటుంది. గోడకు రెండు వైపులా చెక్కిన రాళ్ళు పేర్చి, మధ్యలో రాళ్ళ ముక్కలు, సున్నం పోసి నింపేవాళ్ళు. పైన గుండ్రటి గోడ లేపి, దాని మీద గొడుగు లాంటి మొనదేలిన కప్పు వేసేవాళ్ళు. గెఘార్డ్‌లో అయితే 13వ శతాబ్దంలో కొండనే తొలిచి గదులు చేశారు. ఒక గదిలో ఊట నీళ్ళు ఇప్పటికీ పారుతుంటాయి.

మాకు బాగా నచ్చింది గవిత్. అంటే చర్చికి ముందుండే పెద్ద హాలు. మీటింగులు, చదువు, పెద్దవాళ్ళ సమాధులు అన్నీ అందులోనే. కప్పు మధ్యలో వెలుతురు రావడానికి కన్నం ఉంటుంది. ఇది పల్లెటూరి ఇంటి నుంచి వచ్చింది. అక్కడి రైతుల ఇళ్ళల్లో పొయ్యి పొగ పోవడానికి చెక్క కప్పు మధ్యలో ఇలాగే వదిలేవాళ్ళు. అంటే పేదోళ్ళ ఇంటి తెలివినే రాతిలో పెద్దగా కట్టారన్నమాట.

1045లో అని రాజధాని బైజాంటిన్ చేతిలోకి పోయింది. తర్వాత సెల్జూక్ తుర్కులు, మంగోలులు వచ్చారు. రాజ్యం పోయినా భాష పోలేదు. ఎందుకంటే మఠాల్లో పుస్తకాలు చేత్తో రాస్తూనే ఉన్నారు. ముష్ ప్రసంగాల పుస్తకం అని ఒకటుంది, బరువు దాదాపు 28 కిలోలు. 1915 మారణకాండలో ఇద్దరు ఆడవాళ్ళు దాన్ని రెండు ముక్కలు చేసి చెరో సగం మోసుకెళ్ళి కాపాడారని చెప్తారు. ఇప్పుడది యెరెవాన్‌లో మతెనదరాన్ అనే గ్రంథాలయంలో ఉంది.

ఇదంతా గొప్పే. కానీ ఇంకో వైపు కూడా చెప్పాలి. మఠాలకు రాజులు, దొరలు ఊళ్ళకు ఊళ్ళే రాసిచ్చారు. తతేవ్‌కు అలా పోయిన ఊళ్ళల్లో త్సురబెర్ద్ ఒకటి. 10వ శతాబ్దంలో ఆ ఊరోళ్ళు, చుట్టుపక్కల వాళ్ళు భూమి మాదని మఠం మీద తిరగబడ్డారు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. చివరికి అణచేశారు.

ఈ సంగతి మనకు ఎలా తెలిసింది? స్తెపానోస్ ఓర్బెలియన్ అనే మతాధికారి 13వ శతాబ్దం చివర్లో రాసిన చరిత్ర వల్ల. ఆయన మఠం వైపు మనిషి. అందుకే ఊరోళ్ళు ఆ పుస్తకంలో దుర్మార్గుల్లాగే కనిపిస్తారు. వాళ్ళెందుకు లేచారో వాళ్ళ మాటల్లో ఒక్క ముక్క కూడా లేదు. లిపి వాళ్ళ భాషదే, కానీ కలం వాళ్ళ చేతిలో లేదు.

భూమి కోసం కొట్లాడిన తాతలు మన ఊళ్ళల్లోనూ ఉన్నారు. వాళ్ళ సంగతులు కేసు కాగితాల్లో, ఆఫీసర్ల రిపోర్టుల్లో ఉన్నాయి. మన వైపు నుంచి రాసింది చాలా తక్కువ. మనం ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన వాళ్ళం, కలం ఇప్పుడు మన దగ్గరుంది. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క పెద్దాయన దగ్గరో, అవ్వ దగ్గరో కూర్చుని ఊరి భూమి కథ అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి, పేరు, ఊరు, చెప్పిన రోజు రాసుకోండి. వాళ్ళు సరే అంటేనే గ్రూపులో పెట్టండి. మేము కూడా మా ఊరి నుంచి మొదలుపెడుతున్నాం.