తోలు సోఫాకు మళ్లీ రంగు

వెలిసిపోయిన, పగుళ్లిచ్చిన తోలు సోఫాలను, కుర్చీలను ఇంట్లోనే శుభ్రం చేసి మళ్లీ రంగు వేసుకునే పని ఇది. కోనసీమలో దీని వయసు తక్కువ. మామిడికుదురు మండలం నగరంలోనైనా, రాజోలు, అమలాపురం వైపైనా పాత మండువా ఇళ్లలో కూర్చోవడానికి అరుగు, ఉయ్యాలబల్ల, పడక కుర్చీ ఉండేవి. తోలు చెప్పులకూ డప్పులకూ పోయేది.

తోలు పదును చేసే విద్య మాత్రం తెలుగునాట చాలా పాతది. మాదిగలు పచ్చితోలును సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లంద తొట్టిలో వారాల తరబడి ఊరబెట్టేవారు. ఇంతటి రసాయన విద్య చేతిలో ఉన్నవాళ్లను ఊరి చివరికి నెట్టడం మన సమాజం చేసిన పెద్ద అన్యాయం. ఆ తంగేడు తోళ్లే ‘ఈస్టిండియా’ తోళ్ల పేరుతో మద్రాసు నుంచి ఇంగ్లండుకు ఓడలెక్కాయి.

1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. వారాల పని రోజుల్లోకి వచ్చింది. నేటి సోఫా తోలు ఎక్కువగా ఈ రకమే. చాలావాటికి రంగు పైన పల్చటి పొరగా ఉంటుంది. మోచెయ్యి ఆనేచోట అరిగేదీ, తలనూనె తగిలి జిడ్డుకట్టేదీ ఆ పొరే. కింద తోలు గట్టిగానే ఉంటుంది.

ఈ తోలు శాస్త్రానికి మన దేశంలో ఇల్లు 1948లో మద్రాసు అడయారులో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థ. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా దాన్ని నడిపారు. లంద దగ్గరి పనికి ప్రయోగశాలలో పీట వేసిన మనిషి ఆయన. 1985 జూన్ 23న ఎయిరిండియా ‘కనిష్క’ విమాన పేలుడులో మరణించారు.

రంగు కొనే ముందు సోఫా అడుగున తోలు వెనకవైపు చూడాలి. గుడ్డ నేత కనిపిస్తే అది రెగ్జిన్; పొలుసులుగా ఊడే రెగ్జిన్‌కు రంగు నిలవదు. నూగులాంటి పీచు ఉంటే తోలే. కనబడని మూల ఒక నీటిబొట్టు వేయాలి. పైనే నిలిస్తే పూత ఉన్నట్టు. వెంటనే ఇంకితే పూత లేని తోలు, దానికి ఈ రంగు పనికిరాదు.

తర్వాత బూజు, జిడ్డు తుడిచి, సన్న గరుకుకాగితంతో తేలిగ్గా రుద్ది, పగుళ్లు పూడ్చి, తోలుకు తయారుచేసిన రంగును స్పాంజితో పల్చగా రెండు మూడు పూతలు వేయాలి. చివర రంగులేని రక్షణ పూత. మన ఇళ్లలో ముందు చేతికొచ్చేది కొబ్బరినూనె. అది రాస్తే ఆ పూటకు మెరుస్తుంది, తర్వాత వేసే రంగు మాత్రం పట్టదు. పూతకూ పూతకూ మధ్య బాగా ఆరాలి. గోదావరి గాలి తేమకు వానాకాలంలో అది త్వరగా తెమలదు. సంక్రాంతి దాటాక వచ్చే పొడి రోజులే ఈ పనికి అనువైనవి.