పొందూరి నూలుపనిముట్లు: వాని గుర్తింపు

పాతయంత్రముల భాగములను గుర్తించుట ఇనుపయంత్రముల విషయమున అంత కష్టమైన పని కాదు. 1900వ సంవత్సరమున నౌపడనుండి పర్లాకిమిడికి వేయబడిన రెండున్నర అడుగుల వెడల్పుగల ఇనుపదారి పొగబండ్ల వంటివానికి చేసినవారి పేరును, సంఖ్యయు పలకపై నుండుట వాడుక. ఆ పలక చిక్కినచో తక్కిన వివరములు కర్మాగారపు పట్టికలలో దొరకును. చేతిపనివారి యంత్రమునకు పలక లేదు. దాని భాగములు ఎముక, కఱ్ఱ, నారి, అరటిదొప్ప. పనినుండి విడదీయగనే అవి యంత్రభాగములవలె కనబడుట మానివేయును. ఒకటి వంటయింటి సామానుగను, ఒకటి చేపముల్లుగను, ఒకటి చెత్తగను ఎంచబడును. శ్రీకాకుళమునకు పడమటనున్న పొందూరి నూలుపనిముట్లు ఇందులకు చక్కని యుదాహరణము.

పొందూరి సన్నఖద్దరు ప్రసిద్ధమైనదే. గాంధీమహాత్ముడు దీనినిగూర్చి తన యంగ్ ఇండియా పత్రికలో వ్రాసెను. ఇచ్చటి పనిని పరిశీలించుటకు తన కుమారుడగు దేవదాసుగాంధిని పంపెను. 1949లో ఇచ్చట ఆంధ్ర సన్నఖద్దరు కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడెను. బట్టనుగూర్చి వ్రాసినవారు పెక్కురు గలరు. పనిముట్లను ఒక్కొక్కటిగ చేతబట్టి చూచినవారు తక్కువ.

పత్తికాయనుండి నూలుచిలుకవరకు పని యెనిమిది మెట్లుగ సాగును. ఏరుట, నిడుపుట, పొల్లు తీయుట, మెత్తబఱచుట, ఏకుట, ఏకులు చుట్టుట, వడుకుట, చిలుక చుట్టుట అని వానికి పేరులు. ఈ పేరులే పనిముట్లను గుర్తించుటకు తాళపుచెవులు.

అన్నిటికంటె వింతయైనది వాలుగచేప దవడ. దీనిని పని తెలియనివాని చేతికిచ్చినచో వాడు మత్స్యశాస్త్రజ్ఞుని యింటికి దారితీయును! వాలుగ పొలుసులేని పెద్ద మంచినీటిచేప. మన కావ్యములలో నాయిక కన్నులకు ఉపమానమైనది. 1803లో విశాఖపట్టణపు చేపలపై బొమ్మలతో గ్రంథము ప్రకటించిన పాట్రిక్ రస్సెలు దొర కాలముననే మన తెలుగుపేరు పాశ్చాత్యుల చెవినిబడెను. నేటికిని శాస్త్రజ్ఞులు ఈ చేపకులమును "వాలగో" అనియే వ్యవహరింతురు. కవులు దాని కన్నును జూచిరి, పొందూరి స్త్రీలు దాని పంటిని జూచిరి. దవడలో చిన్నచిన్న పండ్లు దట్టముగ, లోపలికి వంగి యుండును. గింజతోడి పత్తిని ఒకచేత పట్టుకొని రెండవచేతి దవడతో దువ్వుదురు. ఆకుతునుకలును, పండని పోగులును రాలిపోవును. మిగిలిన పోగులు గింజచుట్టును ఒకేవైపునకు తిరిగి నిలుచును. ఇనుపదువ్వెన యేల కూడదని యడుగవచ్చును. ఇచ్చట వాడునది కొండపత్తి, ఎఱ్ఱపత్తి మొదలగు పొట్టిపోగు జాతులు. వంపుదిరిగిన యెముకపన్ను పోగును పట్టి విడుచును. ఇనుపపన్ను పట్టి త్రెంచునని నా యభిప్రాయము. ఈ దవడలు గోదావరీతీరమునుండి రావలసియున్నను, వానికి బదులు మఱియొక సాధనమును పనివారు అంగీకరింపకపోవుట గమనింపదగినది.

ఇది యొక పల్లెలోని వింతయలవాటు అని తోచవచ్చును. కాని ఢాకాలో వైద్యాధికారిగ నుండిన జేమ్సు టెయిలరు 1851లో, తన పేరు చెప్పక, ఆ నగరపు నూలుబట్టలనుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అందు మల్లుసెల్లాలకు నూలు వడకు స్త్రీలు బోయాలి చేప దవడతో పత్తిని దువ్వుదురని యున్నది. బోయాలి యనగా మన వాలుగయే. టెయిలరు చూచునాటికే ఢాకాపని క్షీణదశలో నుండెను. ఆయన వ్రాసిన వాక్యములకు బ్రతికియున్న వ్యాఖ్యానమును చూడవలెనన్నచో పొందూరికి రావలెను.

రెండవ పనిముట్టు చెక్కపీటయు, దానిపై దొర్లించు ఇనుపకడ్డియు. ప్రదర్శనశాలకు చేరినచో దీనికి "అప్పడముల పీట" యని చీటి యంటించుట నిశ్చయము. ఆ పొరపాటు సహజమే, చేతికదలిక యొక్కటియే గనుక. కడ్డి యినుపది యగుట చూడగనే సందేహము కలుగవలెను. అప్పడముల కెవ్వరును ఇనుపకడ్డి వాడరు. దువ్విన పత్తిని పీటపై నుంచి కడ్డిని దొర్లించినచో, దానిక్రింద దూరజాలని గింజ నలుగక ముందునకు జాఱిపోవును. దూది వెనుక మిగులును. టెయిలరు ఢాకాలోను పలకపై ఇనుపకడ్డితో గింజ తీయుటను వర్ణించెను.

ఈ కడ్డియొక్క ప్రాచీనత విశేషముగ చెప్పదగినది. రెండు దొర్లుకఱ్ఱల నడుమ గింజను త్రోయు చర్ఖీ దీనికంటె తరువాతిది. ఒంటికడ్డి పనిముట్టును అజంతా చిత్రములలో ష్లింగ్‌లోఫ్ పండితుడు 1974లో గుర్తించెను. రాట్నము మాటయో, మనదేశమున దానిని స్పష్టముగ పేర్కొన్న వ్రాతలలో మొదటిది 1350లో ఇసామీ పారసీకమున వ్రాసిన కావ్యము. కావున పొందూరిలో ఒకే వసారాలో ప్రక్కప్రక్కన నున్న కడ్డికిని రాట్నమునకును కొన్ని శతాబ్దుల యంతరము గలదు. శాసనములలో భిన్నకాలముల లిపులను వేఱుచేసినట్లు ఇచ్చట పనిముట్ల పొరలను వేఱుచేయవచ్చును. రాట్నముతోడనే నూలుపని పుట్టినదను వాడుకమాట దీనివలన నిలువదు.

దూదిని విడదీయుటకు చిన్న విల్లు గలదు. దానిని గూర్చి విశేషములేదు. దూదేకులవారి పెద్దవింటికి బదులు స్త్రీలు కూర్చుండి చేత నాడింపదగినంత చిన్నది. మఱి యేకిన దూదిని చుట్టి యుంచు ఎండిన అరటిదొప్ప అన్నిటికంటె తేలికగ జాఱిపోవు సాక్ష్యము. నున్నని యా దొప్ప దూదిపోగును పట్టి లాగదు, మాసిపోనీయదు. ఢాకాలో ఇదే పనికి కుచియా యను పాముచేపయొక్క నున్ననిచర్మమును వాడిరి. వస్తువులు వేఱు, పని యొక్కటి. ప్రదర్శనశాలలో ఎవరైనను ఎండిన అరటిదొప్పను దాచుదురా? పారవేయుదురు. అది లేనిచో తక్కిన పనిముట్ల వరుసలో నొక మెట్టు లోపించును.

ఇక రాట్నము. పొందూరి రాట్నము ఒంటికదురుది. చక్రమునకు 24 ఆకులు. ఢాకాలో మిక్కిలి సన్ననినూలుకు రాట్నమునే విడిచి, మంటియుండ గ్రుచ్చిన సూదివంటి కదురును చిప్పపై నిలిపి వ్రేళ్ళతో త్రిప్పెడివారు. పొందూరివారు ఆకులు పెక్కుగల చక్రముతోడనే నూఱవ నంబరు నూలు తీయుదురు. నూఱవ నంబరనగా 840 గజముల చిలుకలు నూఱు కలిపి ఒక పౌను తూగవలెను. అనగా ఒక పౌను దూది 84,000 గజముల దారముగ, దాదాపు 48 మైళ్ళు, సాగవలెను. ఇంత సన్ననిదారము మిల్లువారు కోరు పొడవుపోగు పత్తినుండి గాక పొట్టిపోగునుండి వచ్చుచున్నదనిన, ఆ ఘనత రాట్నమునకు మాత్రమే చెందదు. దవడయు, కడ్డియు, దొప్పయు ముందు సిద్ధపఱచినదానినే కదురు దారము చేయుచున్నది.

వడకువారి సంఖ్య తగ్గినకొలది ఈ వస్తువులు ఇండ్లనుండి విడివిడిగ బయటపడును. రాట్నమును అందముకొఱకు కొనువారుందురు. దవడను కొనువా రుండరు. సేకరించువారు వస్తువుతోపాటు ఎనిమిది మెట్లలో నేమెట్టున అది పనిచేసినదో, ఏ పత్తికి వాడబడినదో, దానిని ఏ చేత పట్టుదురో వాడినవారినే యడిగి వ్రాసికొనవలెను. ఎడమచేత పత్తియు కుడిచేత దవడయు నున్న యొక్క ఛాయాచిత్రము, పెట్టెనిండ చేర్చిన దవడలకంటె ఎక్కువ చెప్పును.