తెల్లని పూతకై ఒక కుమ్మరి తపస్సు

మట్టికుండలోని నీరు చల్లబడుటకు కారణము కుండగోడలోని సూక్ష్మరంధ్రములు. వానిగుండా నీరు పైకి ఊరి, ఆవిరియగుచు, లోని వేడిమిని తీసికొనిపోవును. కాని నూనెను, పులుసును నిలువ ఉంచుటకు ఆ రంధ్రములే ఆటంకము. వానిని మూయుటకు పాత్రమీద పూసి కాల్చెడి పలుచని గాజుపొరయే గాజుపూత. ఇసుకకు సీసపు ఆక్సైడును చేర్చి కాల్చినచో పారదర్శకమైన పూత ఏర్పడును. దానికి తగరపు ఆక్సైడును కూడ కలిపినచో పూత పాలవలె తెల్లనై మట్టిరంగును కప్పివేయును. ఆ తెలుపుమీద రాగితో ఆకుపచ్చను, కోబాల్టుతో నీలమును, మాంగనీసుతో ఊదారంగును తీర్చవచ్చును.

చైనా పింగాణీని చూచి, అట్టి తెల్లని పాత్రలు చేయగోరి, ఇరాకు కుమ్మరులు 9వ శతాబ్దమునాటికే ఈ తగరపు పూతను వాడిరి. తరువాత అది స్పెయిను, ఇటలీ దేశములకు వ్యాపించెను. అయితే పూతలో ఏ పదార్థము ఎంత పాలుండవలెనో కుమ్మరులు పరులకు సులభముగా చెప్పెడివారు కారు.

16వ శతాబ్దములో ఫ్రాన్సునందలి సేంత్ పట్టణమున బెర్నార్డ్ పాలిస్సీ అనునతడు నివసించుచుండెను. గాజుపలకలపై చిత్రములు వ్రాయుట, భూములు కొలుచుట అతని వృత్తులు. ఒకనాడు అతడు చక్కని పూతగల మట్టిగిన్నె నొకదానిని చూచి, అట్టి పూతను తానును సాధింపవలెనని నిశ్చయించుకొనెను. అతనికి మట్టిపని తెలియదు, నేర్పువారును లేరు. తోచిన పదార్థములనెల్ల నూరి, పెంకులపై పూసి, కుమ్మరి ఆవములకు పంపెను. పూత కరగలేదు. అక్కడి వేడిమి చాలదని గ్రహించి గాజుకొలిములను ఆశ్రయించెను. చివరకు 300కు పైగా మిశ్రమములను ఒకేసారి పరీక్షింపగా, వానిలో ఒకటి మాత్రము 4 గంటలలో కరగి తెల్లగా మెరసెను.

ఆ ఉత్సాహముతో అతడు ఇంటివద్దనే స్వయముగా కొలిమి కట్టుకొనెను. 6 పగళ్లు, 6 రాత్రులు మంటపెట్టినను పూత కరగలేదు. మరల క్రొత్త మిశ్రమమును నూరెను. ఇంతలో కట్టెలు అయిపోయినవి. తోటలోని పందిరి గుంజలను, పిమ్మట ఇంటిలోని బల్లలను, నేలపై పరచిన పలకలను సైతము కొలిమిలో వేసెను. అప్పుడు పూత కరగినది. భార్యాబిడ్డలు లేమికి గురియైరి. ఊరివారు అతనికి మతి చలించినదనిరి. మరొకసారి కొలిమిగోడలోని చెకుముకిరాళ్లు పగిలి, ముక్కలు కరగిన పూతకు అంటుకొని, పాత్రలన్నియు పాడయ్యెను. తక్కువ ధరకు కొనువారు వచ్చినను అమ్మక, తన పనికి అప్రతిష్ఠ కలుగునని వానినన్నిటిని పగులగొట్టెను. ఈ విధముగా 15, 16 ఏండ్లు గడచినవి.

పిదప చేపలు, పాములు, కప్పలు, గవ్వలు మొదలగువాని రూపములను నిజప్రాణులనుండి అచ్చుతీసి, రంగురంగుల పూతలతో అలంకరించిన అతని పళ్లెములు రాజుల ఆదరము పొందినవి. రాజమాత కాథరిన్ ద మెదిచీ అతనిచే పారిస్‌నందలి ట్యూలరీ తోటలో పని చేయించెను. 1575 నుండి అతడు పారిస్‌లో ఉపన్యాసములిచ్చెను. ఊటనీరు వాననీటినుండియే పుట్టునని, రాళ్లలోని గవ్వలు ఒకప్పటి ప్రాణుల అవశేషములని అతడు బోధించెను. తన మాట తప్పని నిరూపించినవారికి ప్రవేశరుసుమునకు 4 రెట్లు తిరిగి ఇత్తుననెను. గ్రంథముల మాటకంటె కంటికి కనబడిన నిదర్శనము మిన్న అనునది కొలిమి అతనికి నేర్పిన పాఠము.

అయినను, ఒక్క విషయమున అతడు తక్కిన కుమ్మరులవలెనే ప్రవర్తించెను. 1580లో ప్రచురించిన గ్రంథములో పూతకు వాడిన తగరము, సీసము, ఇనుము, రాగి మున్నగువాని పేర్లు చెప్పెను గాని పాళ్లు చెప్పలేదు. వైద్యమునందలి, వ్యవసాయమునందలి రహస్యములను దాచరాదనియు, తన విద్య అందరికి తెలిసినచో పాత్రల వెల పడిపోయి పనివారు చెడుదురనియు అతని వాదము. ఆకలి నెరిగినవాని మాట అది. త్రోసిపుచ్చుట సులభము కాదు.

ప్రొటెస్టెంటు మతమును విడనాడనందున చెరపాలై, అతడు 1590లో బాస్తీ కారాగారమున మరణించెను. 19వ శతాబ్దములో తూర్ నగరపు కుమ్మరి షార్ల్ అవిసో అతని పళ్లెములను చూచి ముగ్ధుడయ్యెను. అట్టివి చేయుటకు అతడును ఏండ్లకొలది ప్రయోగములు చేయవలసివచ్చెను. ఒకడు తన ఇల్లు కాల్చుకొని నేర్చినదానిని మరియొకడు మొదటినుండి నేర్వవలసివచ్చినది.