వెజైనల్ రింగ్ అంటే ఏంటి? ఎవరు వాడొచ్చు, ఎవరు వాడకూడదు.. జారిపోతే ఏం చేయాలి?

పిల్లల మధ్య ఎడం కావాలన్నా, ఇక పిల్లలు వద్దనుకున్నా మన దగ్గర ముందు గుర్తొచ్చేది ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల వివాహిత మహిళల్లో 60 శాతానికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మీదే ఆధారపడుతున్నారు. అయితే ఎప్పుడంటే అప్పుడు ఆపేయగలిగే పద్ధతులు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి వెజైనల్ రింగ్. కృష్ణా, మూసీ కలిసే వాడపల్లిలో ఉన్నా, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పట్టణాల్లో ఉన్నా.. దీని గురించి అడగాలంటే చాలామందికి మొహమాటం. అందుకే ఎక్కువగా వచ్చే సందేహాలు, వాటికి సమాధానాలు ఇక్కడ చూద్దాం.

అసలు ఈ రింగ్ ఎలా పని చేస్తుంది?

ఇది గాజులా గుండ్రంగా, మెత్తగా వంగే ప్లాస్టిక్ రింగ్. అడ్డంగా సుమారు 5.4 సెంటీమీటర్లు, మందం 4 మిల్లీమీటర్లు ఉంటుంది. యోనిలో పెట్టుకుంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ హార్మోన్లను రోజూ కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. దాంతో అండం విడుదల ఆగిపోతుంది. గర్భనిరోధక మాత్రల్లో ఉండేవీ ఇలాంటి హార్మోన్లే. కాకపోతే రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోవాల్సిన పని ఉండదు. అమెరికాలో దీనికి 2001లో అనుమతి వచ్చింది. ఏడాది పాటు వాడే మరో రకానికి 2018లో అక్కడే అనుమతి ఇచ్చారు.

ఎన్ని రోజులు ఉంచుకోవాలి?

నెలవారీ రింగ్ అయితే 3 వారాలు లోపల, 1 వారం బయట. ఉదాహరణకు ఆదివారం రాత్రి 9 గంటలకు పెట్టుకుంటే, 3 వారాల తర్వాత ఆదివారం అదే సమయానికి తీసేయాలి. తీసిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. బ్లీడింగ్ ఆగినా ఆగకపోయినా, వచ్చే ఆదివారం కొత్త రింగ్ పెట్టుకోవాల్సిందే. ఇక్కడ ఆలస్యం చేస్తేనే గర్భం వచ్చే ప్రమాదం ఎక్కువ. మొదటిసారి వాడేవాళ్లు నెలసరి మొదటి రోజే మొదలుపెడితే వెంటనే రక్షణ ఉంటుంది. 2 నుంచి 5 రోజుల మధ్య మొదలుపెడితే తొలి 7 రోజులు కండోమ్ కూడా వాడాలి.

లోపలికి వెళ్లి ఎక్కడైనా ఇరుక్కుపోతుందా?

లేదు. యోని పైభాగంలో గర్భసంచి ముఖద్వారం ఉంటుంది. రింగ్ దాన్ని దాటి లోపలికి పోలేదు. తీయాలంటే వేలితో కొక్కెంలా పట్టి లాగితే వచ్చేస్తుంది. పెట్టడానికీ, తీయడానికీ ముందు చేతులు శుభ్రంగా కడుక్కోవాలి.

నదీ స్నానం చేస్తే జారిపోతుందా?

స్నానం చేసినా, నీళ్లలో మునిగినా, పొలం పని చేసినా సాధారణంగా జారదు. మలబద్ధకంతో ముక్కినప్పుడు, కలయిక సమయంలో అప్పుడప్పుడూ జారొచ్చు. నెలవారీ రింగ్‌కు సాధారణంగా 3 గంటల గడువు, ఏడాది రింగ్‌కు 2 గంటలు. ఆ లోపు చల్లని లేదా గోరువెచ్చని నీళ్లతో కడిగి మళ్లీ పెట్టుకుంటే సరిపోతుంది. మరిగే నీళ్లు వాడొద్దు. కంపెనీని బట్టి గడువు మారుతుంది కాబట్టి ప్యాకెట్‌లోని కాగితంలో ఉన్నదే పాటించాలి. గడువు దాటితే 7 రోజులు కండోమ్ తప్పనిసరి. మూడో వారంలో ఇలా జరిగితే డాక్టర్‌ను అడిగి కొత్త రింగ్ మొదలుపెట్టాలి.

పండగకో, గుడికో వెళ్లాలి.. నెలసరి వాయిదా వేయొచ్చా?

వేయొచ్చు. పాత రింగ్ తీసిన వెంటనే, వారం ఆగకుండా కొత్తది పెట్టుకుంటే ఆ నెల పీరియడ్స్ వాయిదా పడతాయి. మధ్యలో కొద్దిగా మరకలు కనిపించొచ్చు. ముందుగా డాక్టర్‌కు చెప్పి చేయడం మంచిది.

ఎండాకాలంలో ఎలా దాచాలి?

చాలామంది పట్టించుకోని విషయం ఇది. కొన్ని కంపెనీల రింగ్‌లను మందుల షాపులో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. కొన్నాక బయట ఉంచగలిగేది 4 నెలలే, అదీ 30 డిగ్రీలు దాటని చోట. ఏప్రిల్, మే నెలల్లో మన ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి రేకుల ఇంట్లో బీరువాలోనో, బండి డిక్కీలోనో పెట్టి మర్చిపోతే మందు పాడవుతుంది. కొనేటప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చారో లేదో, ఎక్స్‌పైరీ ఎప్పుడో చూసుకోవాలి. శరీరంలో పెట్టుకున్నాక మాత్రం ఈ భయం అక్కర్లేదు.

ఎవరు వాడకూడదు?

బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు, గతంలో కాళ్లలో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, పక్షవాతం, గుండె జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు, కళ్లముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్లు, 35 ఏళ్లు దాటి పొగ తాగేవాళ్లు దీనికి దూరంగా ఉండాలి. బిడ్డకు పాలిచ్చే తల్లులు కాన్పు అయిన 6 నెలల వరకు వాడకపోవడమే మేలు. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫినైటాయిన్, కార్బమజెపైన్ లాంటి మందులు రింగ్ ప్రభావాన్ని తగ్గిస్తాయి. కాబట్టి వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కు చెప్పాలి, బీపీ చూపించుకోవాలి.

ఎప్పుడు వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి?

మొదటి నెలల్లో వికారం, తలనొప్పి, రొమ్ముల్లో నొప్పి, తెల్లబట్ట కాస్త ఎక్కువ కావడం మామూలే. కానీ ఒక కాలు వాచి నొప్పి రావడం, ఛాతీ నొప్పి, ఆయాసం, ఒక్కసారిగా భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం లాంటివి ఉంటే ఆలస్యం చేయొద్దు. రింగ్ తీసేసి 108కి ఫోన్ చేయాలి.

రింగ్ ఉన్నా గర్భం వస్తుందా?

పక్కాగా వాడితే ఏడాదిలో 100 మందిలో ఒక్కరికి కూడా రాదు. రోజులు తప్పుతూ వాడేవాళ్లను కూడా కలిపి చూస్తే 100 మందిలో సుమారు ఏడుగురికి వస్తుంది. రక్షణ లేకుండా కలిస్తే 72 గంటల్లోపు అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవచ్చు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. గర్భనిరోధకం విఫలమై గర్భం వస్తే, 2021లో సవరించిన ఎంటీపీ చట్టం ప్రకారం 20 వారాల వరకు అర్హత ఉన్న ఒక డాక్టర్ అభిప్రాయంతో తీయించుకోవచ్చు. 18 ఏళ్లు నిండిన మహిళ సమ్మతి ఒక్కటి చాలు, భర్త సంతకం అవసరం లేదు. ఇక సుఖవ్యాధులు, హెచ్‌ఐవీ నుంచి రింగ్ కాపాడదు. దానికి కండోమే మార్గం.

ప్రభుత్వ ఆస్పత్రిలో ఇస్తారా?

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే వాటిలో రింగ్ లేదు. డాక్టర్ చీటీతో బయట కొనుక్కోవాల్సిందే. ప్రతి నెలా ఆ ఖర్చు భరించలేని వాళ్లకు ఉచితంగా అందే పద్ధతులు ఉన్నాయి. 3 నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, హార్మోన్లు లేని ఛాయ మాత్ర, మాలా-ఎన్ మాత్రలు, 5 లేదా 10 ఏళ్లు పనిచేసే కాపర్-టి వాటిలో ముఖ్యమైనవి. పాలిచ్చే తల్లులు ఛాయను కాన్పు అయిన వెంటనే, అంతరను 6 వారాల తర్వాత మొదలుపెట్టొచ్చు. ఛాయను మొదటి 3 నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒక్కసారి వేసుకుంటే చాలు.

ఊళ్లో ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను లేదా దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని అడిగితే వివరాలు చెబుతారు. రింగ్ అయినా, మాత్ర అయినా పక్కింటివాళ్లకు పడింది కదా అని మనకూ పడుతుందనుకోవద్దు. ఒక్కసారి బీపీ చూపించుకుని, డాక్టర్ సలహాతోనే మొదలుపెట్టాలి.